కార్లు ఇటు... కరెంటు అటు!

సెలవు రోజు తెల్లారితే చాలు... హైదరాబాద్ నుంచి వరంగల్ వైపు వెళ్లే రహదారి మీద కార్లు బారులు తీరతాయి. పెంబర్తి ఇత్తడి, మానుకోట జలపాతం, కోటగుళ్లు, రామప్ప, కాళేశ్వరం... పిల్లాపాపలతో, పులిహోర డబ్బాలతో జనం ఇటు వస్తుంటారు. అదే సమయంలో ఎదురు దిక్కున మరో ప్రయాణం సాగుతుంటుంది. అది కంటికి కనిపించదు, హారన్ కొట్టదు. భూపాలపల్లి బొగ్గు మండి, తీగల మీద కరెంటుగా మారి, రాష్ట్ర గ్రిడ్‌లో కలిసి నగరాలకు వెళ్లిపోతుంటుంది. ఈ రెండు ప్రయాణాల లెక్కా ఒకే చోట తేలుతుంది. అది ఆకాశం!

ఒకప్పటి వరంగల్ జిల్లాను కాగితం మీద గీస్తే పడమటి అంచున జనగామ, ఆగ్నేయాన మహబూబాబాద్, ఈశాన్యాన భూపాలపల్లి ఉంటాయి. 2016 అక్టోబరు 11న మూడూ వేర్వేరు జిల్లాలయ్యాయి. కాకతీయులు తవ్వించిన చెరువులు, కట్టించిన గుళ్లు ఈ నేలంతా ఉన్నాయి. కానీ మూడింటి బతుకుతెరువు మాత్రం మూడు రకాలు. ఒకచోట చేతిపని, ఒకచోట రైలూ మిర్చీ అడవీ, ఇంకోచోట బొగ్గు. టూరిస్టులు పెరిగితే ఊళ్లు బాగుపడతాయని మూడు చోట్లా ఆశ. మరి టూరిస్టుతోపాటు వచ్చే పొగ సంగతేమిటి? అభివృద్ధితోపాటు పెరిగే వేడి సంగతేమిటి? ఈ మూడు ఊళ్లు తిరిగొస్తే ఆ లెక్క చాలావరకు అర్థమవుతుంది.

సుత్తి దెబ్బల ఊరు

హైదరాబాద్ నుంచి భువనగిరి, ఆలేరు దాటాక, జనగామ ఇంకా కాస్త దూరం ఉందనగా వచ్చే ఊరు పెంబర్తి. రోడ్డు పక్కనే ఉన్నా ఒకప్పుడు చాలామంది ఆగకుండా వెళ్లిపోయేవారు. ఊళ్లోకి అడుగుపెడితే టక్ టక్ మని సుత్తి దెబ్బలు వినిపిస్తాయి. ఇత్తడి రేకును వేడి చేసి మెత్తబరుస్తారు. లక్కలాంటి మెత్తటి పదార్థం మీద పరిచి, చిన్న చిన్న ఉలులతో కొడుతూ బొమ్మను పైకి ఉబికిస్తారు. ఒక్కో రేకు మీద ఎన్ని వేల దెబ్బలు పడతాయో లెక్కపెట్టినవారు లేరు. కాకతీయుల కాలంలో గుళ్లకూ రథాలకూ తొడుగులు చేసిన పని ఇది. ఆ తర్వాత నిజాం జమానాలో పాన్‌దాన్లు, అత్తరుదాన్ల మీదికి మళ్లింది. ఇప్పుడు జ్ఞాపికలు, గోడకు తగిలించే బొమ్మలు, ధ్వజస్తంభాల తొడుగులు చేస్తున్నారు.

పెంబర్తి లోహ కళకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో కేంద్ర పర్యాటక శాఖ దేశంలోని ఉత్తమ పర్యాటక గ్రామాలను ఎంపిక చేసినప్పుడు తెలంగాణ నుంచి పెంబర్తికీ, సిద్దిపేట జిల్లా చంద్లాపూర్‌కూ చోటు దొరికింది.

ఇక్కడ ఒక చిన్న విషయం గమనించాలి. పెంబర్తిలో ఒక బొమ్మ కొంటే ఆ ధరలో ఎక్కువ భాగం దేనికి? లోహానికి కొంత, కొలిమికి కొంత. మిగతాదంతా మనిషి చేతికీ కంటికీ ఓపికకూ. అంటే అక్కడ ఖర్చుపెట్టిన రూపాయికి పొగ తక్కువ, కూలి ఎక్కువ. అదే రూపాయిని ఏసీ గదికో, సీసా నీళ్లకో ఖర్చు పెడితే పొగ పాలు పెరుగుతుంది, ఊరికి దక్కేది తగ్గుతుంది. టూరిజం అంతా ఒకే రకం కాదని చెప్పే తొలి పాఠం పెంబర్తిలోనే దొరుకుతుంది.

జనగామ జిల్లాలోనే పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి, పోతన పేరుతో ముడిపడిన బమ్మెర, వాల్మీకి పేరు చెప్పుకునే వల్మిడి ఉన్నాయి. మూడూ దగ్గర దగ్గర ఊళ్లే. ఒక్క రోజులో, ఒక్క బండిలో చుట్టేయొచ్చు. నాలుగు వారాల్లో నాలుగుసార్లు వచ్చేకంటే ఒకేసారి వచ్చి అన్నీ చూసి వెళ్లడం జేబుకూ మంచిది, గాలికీ మంచిది.

కారా... బస్సా... రైలా?

ఇక చిన్న లెక్క. హైదరాబాద్ నుంచి రామప్పకు వెళ్లి రావడానికి సుమారు 420 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారైతే 28 లీటర్లు కావాలి. లీటరు పెట్రోలు మండితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలోయే కదా, అంతకు మూడింతల పొగ ఎలా వస్తుందని సందేహం రావచ్చు. పెట్రోలులోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది. అందుకే బరువు పెరుగుతుంది.

మొత్తం మీద ఆ కారు ఒక్క ట్రిప్పులో 65 కిలోల దాకా వదులుతుంది. నలుగురు కూర్చుంటే తలా 16 కిలోలు. ఒక్కరే నడుపుకొని వస్తే 65 కిలోలూ ఆ ఒక్కరి ఖాతాలోనే. ఎదిగిన చెట్టు ఒకటి ఏడాదంతా పీల్చుకునేది 20 కిలోలు అనుకున్నా, ఒక ఆదివారపు షికారు కోసం మూడు చెట్లు ఏడాది పొడవునా పనిచేయాలన్నమాట!

అదే దూరం డీజిల్ బస్సు పోవాలంటే, లీటరుకు 5 కిలోమీటర్ల చొప్పున 84 లీటర్లు తాగుతుంది. లీటరు డీజిల్‌కు 2.7 కిలోల చొప్పున సుమారు 227 కిలోలు. చూడ్డానికి పెద్ద అంకెే. కానీ అందులో 40 మంది ఉంటే తలా ఆరు కిలోలు కూడా పడదు. కారులో ఒక్కరు వచ్చినదాంట్లో పదో వంతు కంటే తక్కువ.

రైలుది ఇంకా తక్కువ. ఆ సంగతి మహబూబాబాద్ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ఊరికి పేరు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వల్ల వచ్చింది. జనం నోట మాత్రం ఇప్పటికీ మానుకోటే. ఊపిరి మాత్రం రైలు వల్లనే. సికింద్రాబాద్ నుంచి కాజీపేట మీదుగా విజయవాడ వెళ్లే కరెంటు రైలుమార్గం జనగామనూ, మహబూబాబాద్‌నూ కలుపుతుంది. గోల్కొండ, కృష్ణా ఎక్స్‌ప్రెస్‌లలో బియ్యం సంచులు, మిర్చి బస్తాలు, కాలేజీ పిల్లలు, పెళ్లిళ్లకు వెళ్లే కుటుంబాలు... ఇదంతా ఏ పర్యావరణ సదస్సూ చెప్పకుండానే తక్కువ పొగతో సాగిపోతున్న ప్రయాణం.

ఉపాధి కావాలి, రాబడి పెరగాలి, జనం తిరగాలి. ఇవన్నీ జరుగుతూనే తలసరి పొగ తగ్గాలంటే ముందు చూడాల్సింది ఏ బండెక్కామన్నదే. అందుకే ఇక్కడ రైలు స్టేషన్ బయట నుంచి జలపాతం దాకా వెళ్లే బస్సొకటి టైముకు దొరకడం ఒక కొత్త రిసార్టు కంటే పెద్ద పర్యాటక సౌకర్యం.

రైలు పట్టాలు గాలిలో వేలాడిన రోజు

మహబూబాబాద్ జిల్లాలో వానాకాలం అందమే వేరు. గూడూరు మండలంలో భీమునిపాదం జలపాతం, బయ్యారం అడవుల వైపు ఏడుబావులు... బండల మీంచి తెల్లగా దూకే నీళ్లు చూడ్డానికి వానలు పడగానే జనం కదులుతారు. కురవిలో వీరభద్రుడి గుడి శివరాత్రి జాతరకు కిటకిటలాడుతుంది. కొత్తగూడ, గంగారం మండలాల్లో దట్టమైన అడవి, కోయగూడేలు. ఈ అడవే బయటి నుంచి వచ్చే పొగలో కొంత తన వేళ్లలోకీ మానుల్లోకీ తీసుకుని దాచుకుంటుంది. జీతం లేని కూలీ!

కానీ వాన కూడా మునుపటిలా లేదు. 2024 సెప్టెంబరు 1న ఈ జిల్లా మీద పడ్డ వానకు కేసముద్రం - ఇంటికన్నె మధ్య రైల్వే కట్ట కొట్టుకుపోయింది. కింద మట్టీ కంకరా పోయి, పట్టాలు గాలిలో వేలాడాయి. ఉత్తరాదినీ దక్షిణాదినీ కలిపే ముఖ్యమైన మార్గం అది. వందలాది రైళ్లు రద్దయ్యాయి, దారి మళ్లాయి. వందలాది మంది కార్మికులు రాత్రింబగళ్లు పనిచేస్తే కొద్ది రోజులకు రైళ్లు మళ్లీ కదిలాయి. ఆ వానకు ముందు రోజే పొరుగున ములుగు జిల్లా తాడ్వాయి అడవిలో సుడిగాలికి వేల సంఖ్యలో చెట్లు కూలిపోయాయి.

ఏదో ఒక్క వానను చూపించి ఇది ఫలానా పొగ వల్లే వచ్చిందని చెప్పడం కుదరదు. కానీ గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమను మోయగలదన్నది భౌతికశాస్త్రం. మోసినదాన్ని ఎక్కడో ఒకచోట దింపాలి కదా. దింపేటప్పుడు నెల వానను ఒక్క రాత్రిలో దింపుతోంది. తక్కువ పొగతో మనుషులను మోసే రైలుమార్గమే ఆ వానకు ముందుగా తెగిపోవడం చిత్రమైన విషాదం.

గుడి పక్కన పొగగొట్టం

వరంగల్ నుంచి పరకాల మీదుగా భూపాలపల్లికి వెళ్లే దారిలో దృశ్యం మారిపోతుంది. పత్తి చేలు, మిర్చి తోటలు దాటాక రోడ్డు మీద టిప్పర్లు కనిపించడం మొదలవుతుంది. జిల్లాకు రైలుమార్గం లేదు. రామగుండం - మణుగూరు లైను ప్రతిపాదన ఏళ్లుగా వినిపిస్తోంది. రైలు లేనిచోట బొగ్గయినా, భక్తుడయినా రోడ్డు మీదే రావాలి.

గణపురం మండలం ఈ కథకు నడిబొడ్డు. ఒకవైపు కోటగుళ్లు. 13వ శతాబ్దంలో కాకతీయులు కట్టిన గణపేశ్వరాలయం, చుట్టూ చిన్న చిన్న గుళ్లు, రాతిలో నిలిచిన మదనికలు, పక్కన గణపసముద్రం చెరువు. సాయంత్రం ఎండ రాళ్ల మీద పడినప్పుడు అక్కడ ఉండి తీరాలి. ఇంకోవైపు, అదే మండలంలో, చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. 500 మెగావాట్ల మొదటి యూనిట్ 2010లో, 600 మెగావాట్ల రెండోది 2016లో ఉత్పత్తిలోకి వచ్చాయి. ఒకే రాజవంశం పేరు గుడికీ ఉంది, పొగగొట్టానికీ ఉంది!

ఈ కేంద్రం 1,100 మెగావాట్లతో రోజంతా పూర్తి సామర్థ్యంతో నడిచిందనుకుందాం. 2 కోట్ల 64 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. బొగ్గు కరెంటు యూనిట్‌కు తక్కువలో తక్కువ 0.9 కిలోల కార్బన్ డయాక్సైడ్ అనుకున్నా, ఆ ఒక్క రోజు లెక్క సుమారు 24 వేల టన్నులు. పైన చెప్పిన కారు ట్రిప్పుతో పోలిస్తే... 3 లక్షల 60 వేలకు పైగా కార్లు హైదరాబాద్ నుంచి రామప్పకు వచ్చి వెళ్లినంత! ఒక్క రోజులో!

ఆ అంకె చూసి 'ఇక మన కారెంత?' అని ఊపిరి పీల్చుకోబోతే ఆగాలి. ఆ పొగగొట్టం తనకోసం మండటం లేదు. నగరంలో ఏసీ వేసుకున్నప్పుడు, లిఫ్టు ఎక్కినప్పుడు, మాల్‌లో తిరిగినప్పుడు మండుతుంది. టన్నున్నర ఏసీ రాత్రంతా నడిస్తే పది పన్నెండు యూనిట్లు కాలుతుంది. దేశంలోని కరెంటంతా సగటున చూస్తే యూనిట్‌కు 0.7 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ పడుతోంది. అంటే ఒక్క రాత్రి ఏసీ నిద్ర విలువ ఎనిమిది కిలోలు. ఆదివారం రామప్పకు రాకుండా ఇంట్లోనే కూర్చున్నా పొగ ఆగదు. కారులో వచ్చి, ఏసీ గదిలో దిగితే రెండూ కలుస్తాయి.

బొగ్గు పెట్టే అన్నం

భూపాలపల్లిలో బొగ్గును తిట్టడం అంత తేలిక కాదు. సింగరేణి కాకతీయ గనులు వచ్చాకే ఊరు పట్టణమైంది. కాలనీలు, బడులు, దవాఖాన, నెలనెలా జీతం... ఇవన్నీ బొగ్గుతోనే వచ్చాయి. సింగరేణి లాభాల్లో కార్మికులకు వాటా ఇచ్చే పద్ధతి ఉంది. 2024లో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు ప్రకటించారు. ఆ డబ్బు చేతికొచ్చిన వారం బట్టల కొట్టు దగ్గర్నుంచి బంగారం దుకాణం దాకా సందడే. ఓపెన్‌కాస్టు దుమ్ము ఇళ్లలోకి వస్తోందని బాధపడేదీ, గని మూతపడితే ఎలాగని భయపడేదీ అక్కడి జనమే.

గని ఎప్పటికీ ఉండదు. ఇది అందరికంటే బాగా తెలిసినవాళ్లు గని కార్మికులే. దేశం 2070 నాటికి ఉద్గారాలను నికర సున్నాకు తెస్తామని 2021లో గ్లాస్గో సదస్సులో ప్రపంచానికి మాటిచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2025లో స్వచ్ఛ ఇంధన విధానం తెచ్చింది. సింగరేణి కూడా సోలార్ పలకలు పరుస్తోంది. మరి ఇప్పుడు గనుల్లో ఉన్నవాళ్ల పిల్లలు ఏం చేసుకుని బతకాలి? ఈ ప్రశ్నకు చాలామంది టక్కున చెప్పే జవాబు... టూరిజం!

తేలే ఇటుక, తూగే లెక్క

జవాబుకు ఆధారం లేకపోలేదు. 2021 జులై 25న రామప్ప గుడి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. తెలుగు నేల మీద ఆ గౌరవం దక్కిన మొదటి కట్టడం అదే. 2016 నుంచి 2019 దాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉన్న పాలంపేట, ములుగు కొత్త జిల్లా అయ్యాక అటు వెళ్లింది. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన గుడి. ఇసుక నింపిన పునాది, నీళ్లలో వేస్తే తేలేంత తేలికైన ఇటుకల శిఖరం, గాజులా మెరిసే నల్లరాతి స్తంభాలు. కట్టినవాళ్లు గుడితో ఆగలేదు. పక్కనే చెరువు తవ్వించారు, చెరువు కింద పొలాలు పారించారు. గుడి, చెరువు, ఊరు... మూడూ కలిపి కడితేనే కట్టడం అనుకున్నారు. టూరిజం శాఖలు ఇప్పుడు వెతుకుతున్న సూత్రం ఇదే కావచ్చు.

భూపాలపల్లి జిల్లాలో చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. రేగొండ వైపు పాండవుల గుట్టల్లో ఆదిమానవులు గీసిన రాతిచిత్రాలున్నాయి. గోదావరి, ప్రాణహిత కలిసేచోట కాళేశ్వరం ఉంది. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. 2025 మే 15 నుంచి 26 దాకా సరస్వతీ పుష్కరాలకు జనం పోటెత్తారు. ఆ పక్కనే మేడిగడ్డ బ్యారేజీ. 2019 జూన్ 21న ప్రారంభమైనప్పుడు దాన్ని చూడటానికీ జనం బస్సులు కట్టుకుని వచ్చారు. 2023 అక్టోబరు 21న పిల్లర్లు కుంగడంతో కథ మారింది. కన్నెపల్లి పంపుహౌస్‌లో ఒక్కో పంపు 40 మెగావాట్లది. నీటిని పైకి ఎత్తాలన్నా కరెంటే. పొలమైనా, నగరమైనా, టూరిస్టయినా చివరికి తలుపు తట్టేది బొగ్గు గుట్టనే.

ఇక ప్రపంచం సంగతి. 2024 డిసెంబరులో 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం 2019లో ప్రపంచ పర్యాటకం వల్ల వెలువడిన హరితగృహ వాయువులు దాదాపు 520 కోట్ల టన్నులు. మొత్తం ఉద్గారాల్లో 8.8 శాతం. అంతకుముందు పదేళ్లలో ఇవి ఏటా 3.5 శాతం చొప్పున పెరిగాయి. ప్రపంచ ఆర్థిక వృద్ధికి ఇది రెండింతల వేగం. విమానాలు, వాహనాలు, కరెంటు... వీటిలో పొదుపు వచ్చినా, తిరిగేవాళ్లు అంతకంటే వేగంగా పెరిగారు. పెరుగుదలలో అమెరికా, చైనా, భారత్‌లదే పెద్ద వాటా. బొగ్గు మానేసి టూరిజం పట్టుకుంటే పొగ దానంతటదే పోతుందన్న నమ్మకానికి ఈ అంకెలు అడ్డొస్తాయి.

కొండెక్కి దిగుతామా?

ఆర్థికవేత్తల దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. దేశం పేదగా ఉన్నప్పుడు పొగ తక్కువ. సంపద పెరిగేకొద్దీ పొగ పెరుగుతుంది. ఒక స్థాయి దాటాక జనం మంచి గాలి కావాలంటారు, కొత్త యంత్రాలు వస్తాయి, పొగ తగ్గుతుంది. కొండెక్కి దిగినట్టన్నమాట. 1991లో జీన్ గ్రాస్‌మన్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు అమెరికా ఆర్థికవేత్తలు చూపించిన గీత ఇది. అయితే ఈ గీత కంటికీ ముక్కుకూ తెలిసే కాలుష్యానికి సరిపోయినంతగా కార్బన్ డయాక్సైడ్‌కు సరిపోలేదు.

ఎందుకో చెల్పూరులో నిలబడితే తెలుస్తుంది. బూడిద మీద పడితే ఊరు అడుగుతుంది, ధర్నా చేస్తుంది, అధికారులు కదులుతారు. కార్బన్ డయాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. అది ఊళ్లో ఆగదు కూడా. ప్రపంచమంతా పరుచుకుంటుంది. ఎవరి వాటా ఎంతో ఎవరూ అడగరు. కొండ దిగడం దానంతట అది జరగదు. దించాలి.

అలాగని ఎక్కడం తప్పని ఇక్కడివాళ్లకు చెప్పే హక్కు ఎవరికుంది? ఏడాదికి తలసరి లెక్కన మన దేశంలో ఒక మనిషి వాటా రెండు టన్నుల చిల్లర. ప్రపంచ సగటు అందుకు రెండింతలకు పైనే. అమెరికాలో 14 టన్నుల దాకా. మన దేశంలోనూ నగరంలో రెండు కార్లున్న ఇంటికీ, మోరంచ వాగు పక్కన రెండెకరాలున్న ఇంటికీ పోలికే లేదు.

మోరంచపల్లి చెప్పే మాట

ఆ మోరంచ వాగు పేరు ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లకే తెలుసు. 2023 జులై 27 తర్వాత రాష్ట్రమంతా తెలిసింది. తెల్లవారక ముందే వాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిని ముంచేసింది. జనం డాబాల మీదికి, చెట్ల మీదికి ఎక్కి అరిచారు. హెలికాప్టర్లు, పడవలు వచ్చి కాపాడాయి. కొందరు తిరిగి రాలేదు. గొడ్లు, గోదాములో ధాన్యం, పిల్లల పుస్తకాలు అన్నీ నీటిపాలయ్యాయి. ఆ ఇరవై నాలుగు గంటల్లోనే రామప్ప గుడి ఉన్న వెంకటాపూర్ మండలంలోని లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. రాష్ట్ర చరిత్రలో ఒక్క రోజు వానల్లో అదే రికార్డు.

ఎనిమిది వందల ఏళ్లుగా ఎన్నో వానలు చూసిన గుడి ఆ వాననూ తట్టుకుంది. తట్టుకోలేనివి మనుషుల ఇళ్లు. పొగలో అతి తక్కువ వాటా ఉన్నవాళ్లు నష్టంలో అతి పెద్ద వాటా మోశారు. టూరిజం, అభివృద్ధి, కార్బన్... ఈ మాటలన్నీ ఎక్కడో సదస్సుల్లో వినిపించేవి అనుకుంటే, వాటికి ఊరు పేరు, వాగు పేరు ఉన్నాయని మోరంచపల్లి చెబుతుంది.

దారి ఉంది

చేయగలిగింది ఏమీ లేదా? ఈ నేల మీదే జవాబులు ఉన్నాయి. మేడారం జాతరే చూడండి. ఒకప్పుడు ఎడ్లబండ్ల మీద రోజుల తరబడి నడిచి వెళ్లే జాతర. 2024లో ఆర్టీసీ 6 వేల ప్రత్యేక బస్సులు నడిపింది. 2023 డిసెంబరు నుంచి రాష్ట్రంలో మహిళలకు ఉచిత ప్రయాణం ఉండటంతో ఆడవాళ్లు బస్సుల నిండా వెళ్లి తల్లులకు బెల్లం బంగారం సమర్పించి వచ్చారు. అంతమందిని కార్లలో తరలిస్తే ఎంత పెట్రోలు, ఎంత పొగ, ఎన్ని గంటల ట్రాఫిక్! రెండేళ్లకోసారి జాతరకు చేయగలిగింది వారం వారం రామప్పకు, కోటగుళ్లకు ఎందుకు కుదరదు? వరంగల్ రైలు దిగగానే రోజూ చుట్టి చూపించే బస్సుంటే సగం కార్లు ఇంట్లోనే ఉండిపోతాయి.

బస్సులు కూడా కరెంటువైతే మరీ మంచిది. అయితే ఆ కరెంటు బొగ్గుదే అయితే పొగ సైలెన్సర్ నుంచి చెల్పూరు గొట్టానికి మారుతుంది తప్ప పూర్తిగా పోదు. గుడి దగ్గరి హోటళ్ల కప్పుల మీద, బడుల మీద, సింగరేణి తవ్వి వదిలేసిన నేలల మీద సోలార్ పలకలు పెరిగినకొద్దీ ఆ లెక్క తగ్గుతుంది.

ఇక రెండోది డబ్బు. టూరిస్టు ఖర్చు ఎక్కడ ఆగుతుందన్నదే అసలు ప్రశ్న. మహిళా సంఘం నడిపే హోటల్లో జొన్నరొట్టె, నాటుకోడి పులుసు తింటే, ఊళ్లోవాళ్ల ఇంట్లో రాత్రి ఉంటే, స్థానిక యువకుడిని గైడుగా పెట్టుకుంటే, పెంబర్తిలో బొమ్మ కొంటే ఆ రూపాయి ఊళ్లోనే నాలుగు చేతులు మారుతుంది. గని మూతపడ్డ రోజున బతికించేది ఆ రూపాయే. కారులో వచ్చి, తెచ్చుకున్న చిప్సు తిని, ఖాళీ సంచులు చెరువు గట్టున వదిలి వెళ్లేవాళ్ల వల్ల ఊరికి మిగిలేది చెత్త, పొగ మాత్రమే.

కాకతీయులు చెరువు తవ్వించినప్పుడు ఆ నీళ్లు తమ తరంతో ఆగవని తెలిసే తవ్వించారు. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా రామప్ప చెరువు కింద వరి పండుతోంది. ఇప్పుడు వదిలే పొగ కూడా అలాగే తరాలు దాటి నిలుస్తుంది. వాళ్లు నీళ్లు మిగిల్చిపోయారు... మనం ఏం మిగిల్చిపోతున్నామో చూసుకోవాలి.

ఇలా వెళ్లొచ్చు

* జనగామ, వరంగల్, మహబూబాబాద్‌లకు సికింద్రాబాద్ నుంచి రైళ్లున్నాయి. పెంబర్తికి జనగామలో దిగి ఆటోలో వెళ్లొచ్చు.

* పాలకుర్తి, బమ్మెర, వల్మిడి ఒకే రోజులో చూడొచ్చు.

* భీమునిపాదం, ఏడుబావులకు వానాకాలం, ఆ తర్వాతి నెలలు బాగుంటాయి. వాగులు పొంగే రోజుల్లో మాత్రం వద్దు. అటవీ సిబ్బంది చెప్పిన హద్దు దాటకూడదు.

* భూపాలపల్లి, కాళేశ్వరం వైపు వరంగల్, హనుమకొండల నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. కోటగుళ్లు, రామప్ప, పాండవుల గుట్టలు కలిపి రెండు రోజులు పెట్టుకుంటే తీరిగ్గా చూడొచ్చు.

* కారు తప్పదనుకుంటే నాలుగు సీట్లూ నింపండి. మంచినీళ్ల సీసా ఇంటి నుంచే తెచ్చుకోండి. భోజనం మాత్రం ఊళ్లోనే చేయండి!